పాత మిస్ ప్యాక్‌మ్యాన్ క్యాబినెట్‌లో 60-ఇన్-1 కిట్ పెట్టాక వచ్చే సమస్యలు, పరిష్కారాలు

మా గరాజ్‌లో ఉన్నది 1982 నాటి మిస్ ప్యాక్‌మ్యాన్ ఆర్కేడ్ మెషిన్ (నాణెం వేసి ఆడే వీడియో గేమ్ పెట్టె), అమెరికాలో మిడ్‌వే వాళ్ళు చేసింది, 19 అంగుళాల పిక్చర్ ట్యూబ్ మానిటర్ నిలువుగా బిగించి ఉంటుంది. దాంట్లో ఒరిజినల్ బోర్డు తీసి కవర్లో చుట్టి క్యాబినెట్ అడుగునే భద్రంగా పెట్టేసి, 60-ఇన్-1 జామ్మా బోర్డు ఎక్కించా, అంటే ఒకే బోర్డులో 60 పాత గేములు; జామ్మా అంటే ఆర్కేడ్ బోర్డులకి వైర్లు కలిపే ఒక ప్రామాణిక కనెక్టర్ పద్ధతి. నాకు తెలిసిన మనవాళ్ళే ఇంకో ముగ్గురు ఇట్లాంటి పాత మెషిన్లు కొన్నారు, వాళ్ళ ఇళ్ళకి కూడా వెళ్ళి బిగించొచ్చా. నాలుగు చోట్లా కొత్త బోర్డు ఒక్కసారి కూడా పాడు కాలేదు, ఇబ్బంది పెట్టినవన్నీ కరెంటు, ఎర్త్ (బోర్డు గ్రౌండ్), వైర్లు, కాంటాక్టులే. అందుకే ముందే చెప్తున్నా, ఏదైనా పనిచేయకపోతే వెంటనే ఇంకో బోర్డు ఆర్డర్ పెట్టకండి, మల్టీమీటర్ తీయండి.

పాత మెషిన్‌లో కిట్ పెట్టడం పాపం అన్నట్టు మాట్లాడేవాళ్ళు ఉన్నారు. అసలు మిస్ ప్యాక్‌మ్యాన్ పుట్టిందే కిట్‌గా. జనరల్ కంప్యూటర్ కార్పొరేషన్ అనే చిన్న కంపెనీ కుర్రాళ్ళు ప్యాక్‌మ్యాన్ మెషిన్లకి క్రేజీ ఓటో అనే కిట్ తయారుచేసి మిడ్‌వేకి చూపిస్తే, అదే మార్పులు చేర్పులతో మిస్ ప్యాక్‌మ్యాన్ అయింది. లోపల చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది, ప్యాక్‌మ్యాన్ బోర్డు మీద జెడ్80 ప్రాసెసర్ ఉండాల్సిన సాకెట్‌లోంచి రిబ్బన్ కేబుల్ బయల్దేరి పక్కనున్న చిన్న బోర్డుకి పోతుంది. కాబట్టి కిట్ తప్పు కాదు, ఒరిజినల్ వైరింగ్ కత్తిరించడం తప్పు. ప్యాక్‌మ్యాన్ నుంచి జామ్మాకి అడాప్టర్ హార్నెస్‌లు (కనెక్టర్లు బిగించిన వైర్ల కట్టలు) దొరుకుతాయి, పాత కనెక్టర్ ఇటు, కొత్త బోర్డు అటు. రేపు ఎప్పుడైనా పాత బోర్డు పెట్టాలంటే పది నిమిషాల పని. దయచేసి ఒక్క వైరు కూడా కట్ చెయ్యొద్దు.

ఇంకో మాట, మొదలుపెట్టేముందే. మానిటర్ ట్యూబ్ పక్కన రబ్బరు కప్పు లాంటిది ఉంటుంది కదా, దాని కింద 20 వేల వోల్టుల పైనే ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా కొంతసేపు ఛార్జ్ నిలిచి ఉంటుంది. మానిటర్ వెనక చెయ్యి పెట్టాల్సొస్తే డిశ్చార్జ్ చెయ్యడం తెలిసినవాళ్ళని పక్కన పెట్టుకోండి.

సమస్య: ఉలుకూ పలుకూ లేదు, బోర్డు మీద లైటు కూడా వెలగట్లేదు

ముందు వెనక తలుపు దగ్గర చూడండి. ఈ క్యాబినెట్లలో వెనక తలుపు తీస్తే కరెంటు ఆగిపోయేలా ఇంటర్‌లాక్ స్విచ్ ఉంటుంది, మనం తలుపు తీసే పని చేస్తాం కాబట్టి అది ఆఫ్‌లోనే ఉంటుంది. దాని పుల్లని బయటికి లాగితే తలుపు తీసున్నా కరెంటు వస్తుంది. అది అయ్యాక ఫ్యూజులు, కంటితో చూసి బాగుందనుకోవద్దు, మీటర్ బీప్ పెట్టి చూడండి, పాత ఫ్యూజ్ హోల్డర్ క్లిప్పులు చిలుం పట్టి ఫ్యూజ్ బాగున్నా కాంటాక్ట్ ఇవ్వవు. కొత్త పవర్ సప్లై (కొత్త బోర్డుకి డీసీ కరెంటు ఇచ్చే డబ్బా) మీద 110, 220 సెలెక్టర్ స్విచ్ ఉంటే అమెరికాలో 110 వైపే ఉండాలి. ఇలాంటి అమెరికా మెషిన్ ఇండియాకి తెచ్చుకున్నవాళ్ళు మొత్తం క్యాబినెట్‌కి సరిపడా స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాల్సిందే, పవర్ సప్లై ఒక్కటీ 220కి మార్చితే సరిపోదు, మానిటరూ పైన లైటూ 120 వోల్టులవే.

సమస్య: ఆన్ చెయ్యగానే కాలిన వాసన, బోర్డు వేడెక్కిపోయింది

వెంటనే ప్లగ్ పీకండి. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, పాత హార్నెస్ వైర్లనే నేరుగా జామ్మా కనెక్టర్‌కి కలిపేసి ఉంటారు. ప్యాక్‌మ్యాన్ పాత బోర్డుకి కింద ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చేది 7 వోల్టుల ఏసీ, 12 వోల్టుల ఏసీ, దాన్ని డీసీ చేసుకునే పని బోర్డు మీదే జరుగుతుంది. జామ్మా బోర్డుకి తయారైన 5 వోల్టుల డీసీ, 12 వోల్టుల డీసీ కావాలి. అందుకని స్విచింగ్ పవర్ సప్లై వేరేగా పెట్టాలి, పాత ఏసీ వైర్లు బోర్డు దాకా రాకూడదు.

అలాగని ఇక పనేముందిలే అని పాత ట్రాన్స్‌ఫార్మర్ పీకి పారేస్తారు కొందరు, అది ఇంకా ప్రమాదం. మానిటర్‌కి వెళ్ళే 120 వోల్టులు ఆ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఐసొలేట్ అయి, అంటే గోడ కరెంటుతో నేరుగా కలవకుండా, వస్తాయి. అది లేకుండా మానిటర్‌ని గోడ కరెంటుకి డైరెక్టుగా కలిపితే మానిటర్ చాసిస్ మొత్తం షాక్ కొడుతుంది, వీడియో ఎర్త్ వైరు గుండా కరెంటు వెళ్ళి బోర్డు, మానిటర్ రెండూ పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ మానిటర్ కోసం ఉండాలి, స్విచింగ్ సప్లై బోర్డు కోసం ఉండాలి, రెండూ కావాలి.

కనెక్టర్ తలకిందులుగా పెట్టినా ఇలాంటి గొడవే. జామ్మాకి ఒక్కో వైపు 28, మొత్తం 56 పిన్నులు, 7వ పిన్ను దగ్గర చిన్న కీ ముక్క ఉండాలి. చవక హార్నెస్‌లలో ఆ ముక్క ఉండదు, అప్పుడు పార్ట్స్ సైడ్ (చిప్పులున్న వైపు) ఏది, సోల్డర్ సైడ్ (వెనక వైపు) ఏది అని రెండుసార్లు చూసి పెట్టండి. 1, 2 పిన్నులు ఎర్త్, 3, 4 పిన్నులు 5 వోల్టులు, 6వది 12 వోల్టులు. బోర్డు పెట్టకుండా కనెక్టర్ ఒక్కటే ఉంచి ఆన్ చేసి ఈ మూడూ మీటర్‌తో చూశాకే బోర్డు తగిలించండి.

సమస్య: గేమ్ మధ్యలో రీస్టార్ట్ అవుతోంది, సౌండ్ పెంచితే ఇంకా ఎక్కువ

నన్ను అన్నిటికన్నా ఏడిపించింది ఇదే, అందుకే కొంచెం వివరంగా రాస్తా. మా మెషిన్ పది నిమిషాలు బ్రహ్మాండంగా ఆడేది, తర్వాత మెనూకి వెళ్ళిపోయేది, పిల్లలు లెవెల్ దాటే టైంకే సరిగ్గా. బోర్డుదే తప్పనుకుని రెండు వారాలు వదిలేశా. పవర్ సప్లై స్క్రూల దగ్గర మీటర్ పెడితే 5.08 చూపిస్తోంది, ఇక కరెంటు బాగానే ఉంది కదా అనుకున్నా. తర్వాత ఒకరోజు మీటర్ నల్ల పుల్ల బోర్డు ఎర్త్ మీద, ఎర్ర పుల్ల బోర్డు అంచున 5 వోల్టుల పిన్ను మీద, బోర్డు ఆన్‌లో ఉండగానే పెట్టి చూస్తే 4.68. ఈ బోర్డుల మీద చిప్పులకి 4.75 కంటే తగ్గితే గ్యారంటీ లేదు. బోర్డు 2 ఆంపియర్లు లాగుతుంటే దారిలో 0.2 ఓమ్ అడ్డమొచ్చినా చాలు, 0.4 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి.

ఆ అడ్డం ఎక్కడో వెతికితే మూడు చోట్ల దొరికింది. అడాప్టర్‌లో 5 వోల్టులకి ఒకే ఒక్క సన్న వైరు వేశారు. ఎర్త్‌కీ ఒకటే. మూడోది కనెక్టర్, నేను అంతకు ముందు వాడినదాన్నే తీసుకున్నా, దగ్గరగా టార్చి వేసి చూస్తే 5 వోల్టుల పిన్నుల రేకులు రెండు గోధుమ రంగుకి తిరిగి, స్ప్రింగ్ పోయి వెనక్కి వంగిపోయి ఉన్నాయి, పక్కన ప్లాస్టిక్ కొంచెం కరిగి ఉంది.

పరిష్కారం: కొత్త కనెక్టర్ వేశా, 5 వోల్టులకి మందం వైర్లు రెండు, ఎర్త్‌కి రెండు, విడివిడిగా పవర్ సప్లై దాకా లాగా. బోర్డు అంచున బంగారు రంగు పట్టీల్ని స్కూలు పిల్లల తెల్ల రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచా. గరుకు కాగితం మాత్రం వాడొద్దు, పైపూత లేచిపోతుంది. ఇవన్నీ అయ్యాకే పవర్ సప్లై మీదున్న చిన్న స్క్రూ తిప్పి బోర్డు దగ్గర 5.02 వచ్చేలా పెట్టా. వైరింగ్ సరిచెయ్యకుండా ముందే ఆ స్క్రూ తిప్పేస్తే ఇప్పటికి పనిచేస్తుంది, రేపు కనెక్టర్ శుభ్రం చెయ్యగానే బోర్డుకి 5.4, 5.5 వెళ్ళిపోతుంది. ఆ తర్వాత మళ్ళీ ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాలేదు.

సమస్య: సౌండ్ వస్తోంది, బొమ్మ లేదు, లేదా స్క్రీన్ అంతా అడ్డంగా చీలికలు

బోర్డు మీద చిన్న డిప్ స్విచ్‌లు ఉంటాయి, వాటిలో ఒకటి సీజీఏ, వీజీఏ అనే రెండు వీడియో పద్ధతుల మధ్య మార్చేది. పాత ఆర్కేడ్ మానిటర్ సీజీఏ లాగే 15 కిలోహెర్ట్జ్‌ది, వీజీఏ 31 కిలోహెర్ట్జ్. వీజీఏలో ఉంటే జామ్మా పిన్నుల మీద మన మానిటర్‌కి పనికొచ్చే బొమ్మ రాదు. కరెంటు ఆపేసి, బాక్సులో ఇచ్చిన కాగితం చూసి సీజీఏకి మార్చండి. తలకిందులుగా బొమ్మ వస్తే ఫ్లిప్ స్విచ్ కూడా ఆ వరసలోనే ఉంటుంది.

అయినా బొమ్మ పైకి దొర్లుతూ ఉంటే, లేదా ఏటవాలు గీతలు వస్తుంటే తప్పు సింక్ వైరుది, బొమ్మని స్క్రీన్ మీద కుదురుగా నిలబెట్టే సిగ్నల్ అదే. జామ్మాలో హారిజాంటల్, వర్టికల్ సింక్ రెండూ కలిపి ఒకే వైరు మీద వస్తాయి. మానిటర్‌కి రెండూ విడివిడి పిన్నులుంటే అదే వైరు నెగటివ్ సింక్ పిన్నులు రెండింటికీ కలపాలి. వీడియో ఎర్త్ వైరు మరిచిపోయినా ఇలాగే వేషాలు వేస్తుంది. అన్నీ సరిగ్గా ఉండి బొమ్మ కొద్దిగా పక్కకి వాలుతుంటే మాత్రమే మానిటర్ మీద హారిజాంటల్ హోల్డ్ అనే సర్దుబాటుని ముట్టుకోండి, ప్లాస్టిక్ టూల్‌తోనే.

ఒక రంగు రాకపోతే, ఉదాహరణకి ఎరుపు లేదు, అప్పుడు మానిటర్ దగ్గర ఎర్ర వైరు, పచ్చ వైరు అటూ ఇటూ మార్చి చూడండి. ఇప్పుడు ఎరుపొచ్చి పచ్చ పోతే తప్పు బోర్డు లేదా వైరుది, అప్పుడూ ఎరుపే రాకపోతే మానిటర్‌ది. మానిటర్‌దైతే చాలాసార్లు కనెక్టర్ పిన్నుల కింద సోల్డర్ పగిలి ఉంటుంది, మళ్ళీ కాస్త సోల్డర్ పెడితే సరి. బొమ్మ అంచులు అలల్లా ఊగుతుంటే మానిటర్‌లో కెపాసిటర్లు ఎండిపోయాయని అర్థం, ఈ వయసు మానిటర్‌కి ఎలాగూ క్యాప్ కిట్ (కొత్త కెపాసిటర్ల సెట్టు) వెయ్యాలి.

సమస్య: బొమ్మ బాగుంది, సౌండ్ లేదు

12 వోల్టులు చూడండి. చాలా బోర్డుల్లో గేమ్ నడవడానికి 5 చాలు, స్పీకర్ ఆంప్లిఫైయర్‌కే 12 కావాలి. అది ఉండీ సౌండ్ రాకపోతే బోర్డు మీదున్న వాల్యూమ్ తిప్పండి, క్యాబినెట్‌లో ఉన్న పాత వాల్యూమ్‌కి ఇప్పుడు పనిలేదు. స్పీకర్ మైనస్ వైరు మాత్రం ఎర్త్‌కి కలపొద్దు, కనెక్టర్‌లో దాని పిన్ను దానికుంది.

సమస్య: ఆన్ చేసినప్పుడల్లా సెట్టింగుల మెనూ వస్తోంది, లేదా క్రెడిట్లు వాటంతటవే పడుతున్నాయి

కాయిన్ డోర్ లోపల టెస్ట్ స్విచ్ జారుడు రకం, అది ఆన్‌లో ఉండిపోయి ఉంటుంది. క్రెడిట్లు పడుతుంటే కాయిన్ స్విచ్ తీగ వంగి నొక్కుకుపోయిందేమో చూడండి. కాయిన్ డోర్ లైట్ల వైరు పొరపాటున కాయిన్ వైరుకి కలవకూడదు, అక్కడ ఏసీ తిరుగుతుంది.

సమస్య: బటన్ పనిచేయట్లేదు, జాయ్‌స్టిక్ మూలల్లో ఆగిపోతోంది

ఒక్క బటనే అయితే కాంటాక్ట్. ఈ క్యాబినెట్లలో లీఫ్ స్విచ్‌లు, రెండు రేకులు తాకితే పనిచేస్తాయి. విజిటింగ్ కార్డు ముక్క ఆల్కహాల్‌లో తడిపి రేకుల మధ్య పెట్టి, వేళ్ళతో రేకుల్ని మెల్లిగా నొక్కి పట్టి నాలుగుసార్లు లాగితే నల్లటి గీత కార్డు మీదికొస్తుంది, అంతే. ఒక బటన్ నుంచి మొదలై ఆ తర్వాతవన్నీ చచ్చిపోతే అది ఎర్త్ వైరు, ఒకదాన్నుంచి ఒకదానికి గొలుసులా వెళ్తుంది కదా, పనిచేసే చివరి బటన్‌కీ చచ్చిన మొదటిదానికీ మధ్య తెగి ఉంటుంది.

మిస్ ప్యాక్‌మ్యాన్ ప్యానెల్ మీద ఫైర్ బటనే లేదు, గ్యాలగా లాంటి షూటింగ్ గేములు ఆడాలంటే కావాలి. ఒరిజినల్ ప్యానెల్‌కి డ్రిల్ పెట్టకండి, రీప్రొడక్షన్ ప్యానెల్ కొని దానికి పెట్టుకోండి. అలా మార్చేటప్పుడే కొత్తగా 8 వైపుల జాయ్‌స్టిక్ కొంటారు, దాంతో ప్యాక్‌మ్యాన్ మలుపు దగ్గర గోడకి కొట్టుకుని ఆగిపోతుంది, దెయ్యం పట్టేసుకుంటుంది, మనమేమో బోర్డు స్లో అనుకుంటాం. బోర్డు స్లో కాదు, మూలగా తోసినప్పుడు రెండు స్విచ్‌లు ఒకేసారి పడి గేమ్‌కి ఎటు వెళ్ళాలో తెలియట్లేదు. అడుగున రిస్ట్రిక్టర్ ప్లేటు తిప్పి 4 వైపులకి మార్చేది కొనండి. మా ఇంట్లో అది ఎప్పుడూ 4 మీదే ఉంటుంది, 1942 అనే విమానాల గేమ్ ఆడాలన్నప్పుడు మాత్రం ప్యానెల్ ఎత్తి 8కి తిప్పుతా.