హోంవర్క్‌లో సాయం అడగడం ఎలా? – మూడో పాఠం: ఆగిన వరుస

లెక్కను రెండుసార్లు చదవడం, ఇచ్చినవి ఒకవైపు, కనుక్కోవలసినవి మరోవైపు రాసుకోవడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. అంత చేసినా లెక్క తెగని రోజులుంటాయి. పదో తరగతిలో వర్గ సమీకరణాలు మొదలయ్యాక అవి ఎక్కువవుతాయి కూడా. అలాంటప్పుడు ఎవరినో ఒకరిని అడగాలి. ఎలా అడగాలన్నదే ఈ పాఠం.

అడగడానికి మొహమాటపడే పిల్లలు చాలామంది. ‘ఇది కూడా రాదా’ అంటారేమోనని భయం. భయపడవద్దని చెప్పినంత మాత్రాన అది పోదు. చేతిలో సరైన ప్రశ్న ఉంటే పోతుంది. ‘సార్, ఈ లెక్క రావడం లేదు’ అంటే మీకు ఎంతవరకు వచ్చో మాస్టారికి తెలియదు. అందుకని మొదటి నుంచి చివరి దాకా ఆయనే చేసి చూపిస్తారు. మీరు చూసి రాసుకుంటారు. హోంవర్క్ పూర్తవుతుంది కానీ, పరీక్షలో అంకెలు మారగానే మళ్లీ అక్కడే ఆగిపోతారు.

ఒక లెక్క తీసుకుందాం. ఒక బస్సు 300 కిలోమీటర్ల దూరాన్ని సమవేగంతో వెళ్లింది. వేగం గంటకు మరో 10 కిలోమీటర్లు ఎక్కువ ఉంటే గంట ముందే చేరేది. బస్సు వేగం ఎంత? పుస్తకంలో ఎక్స్ అని రాసే చోట ఇక్కడ వేగానికి గుర్తుగా ‘వ’ అని రాస్తున్నాను. చాలామంది ఇలా మొదలుపెడతారు:

మొదటి వరుస: అసలు వేగంతో పట్టే కాలం = 300/వ
రెండో వరుస: పెరిగిన వేగంతో పట్టే కాలం = 300/(వ + 10)
మూడో వరుస: 300/(వ + 10) − 300/వ = 1
నాలుగో వరుస: వ² + 10వ + 3000 = 0

ఇక్కడ బండి ఆగుతుంది. కారణాంకాలు దొరకవు. సూత్రం వాడదామని విచక్షణి (సూత్రంలో వర్గమూలం గుర్తు కింద ఉండే విలువ) కడితే 100 − 12000, అంటే −11900 వస్తుంది. వాస్తవ మూలాలే లేవు. గుణకారంలో ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని నాలుగో వరుస చెరిపి మళ్లీ చేస్తారు. మళ్లీ అదే వస్తుంది. ఎన్నిసార్లు చేసినా అదే వస్తుంది, ఎందుకంటే నాలుగో వరుసలో తప్పేమీ లేదు. తప్పు దానికి పైన ఉంది.

ఇలాంటి చోట రబ్బరు ముట్టుకోవద్దు. ఆగిన వరుస పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టండి. తర్వాత మొదటి వరుస నుంచి కిందికి వస్తూ, ప్రతి వరుస ఎందుకు రాశారో పక్కన నాలుగు మాటల్లో రాయండి. మొదటి రెండింటికీ ‘దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం’ అని రాస్తారు. మూడో దానికి ‘రెండు కాలాలకు తేడా ఒక గంట’ అంటారు. మాట నిజమే. కానీ దేనిలోంచి దేన్ని తీసివేయాలి అన్నది ఆ మాటలో లేదు. కారణం రాస్తూ చేయి తడబడిన వరుసే అనుమానించవలసిన వరుస.

ఇప్పుడు అడగవలసిన ప్రశ్న ఇలా తయారవుతుంది: ‘సార్, నాలుగో వరుసలో విచక్షణి రుణాత్మకం వస్తోంది. గుణకారం మళ్లీ చూసుకున్నాను, సరిగానే ఉంది. మూడో వరుసలో తీసివేత మీద అనుమానంగా ఉంది.’ ఈ ప్రశ్నకు లెక్క మొత్తం చేసి చూపించనక్కర్లేదు. ‘ఏ వేగంతో వెళితే ఎక్కువ సేపు పడుతుంది?’ అని ఒక్క మాట అంటే చాలు. నెమ్మదిగా వెళితేనే కదా ఎక్కువ సేపు పట్టేది! పెద్ద కాలంలోంచి చిన్న కాలం తీసివేస్తే:

300/వ − 300/(వ + 10) = 1
వ² + 10వ − 3000 = 0
(వ + 60)(వ − 50) = 0

వేగం −60 ఉండదు కనుక గంటకు 50 కిలోమీటర్లు. అక్కడితో పుస్తకం మూయకండి. 300ను 50తో భాగిస్తే 6 గంటలు, 60తో భాగిస్తే 5 గంటలు, తేడా ఒక గంట. ఇలా సరిచూసుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, పట్టేది అర నిమిషం. అయినా ఎక్కువమంది వదిలేసే పని ఇదే. దయచేసి వదలకండి.

సాయం అందాక చేయవలసింది ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. మర్నాడు ఆ పేజీ చూడకుండా, అంకెలు మార్చి, అదే లెక్కను మొదటి నుంచి మీరే చేయాలి. దూరం 240 కిలోమీటర్లు, వేగం 20 పెరిగితే గంట ముందు చేరుతుంది అనుకోండి. జవాబు 60 రావాలి. వస్తే లెక్క మీదైంది. రాకపోతే ఎక్కడ ఆగిందో మళ్లీ గీత పెట్టండి.

ఇంగ్లీషు హోంవర్క్‌కూ పద్ధతి ఇదే, కాకపోతే ఇక్కడ ఆగిన చోటు కంటికి కనబడదు. రాసిన వాక్యం మనకు సరిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఒకరు అన్న మాటను పరోక్ష కథనంలోకి మార్చే అభ్యాసం చూడండి. తెలుగులో ‘రేపు వస్తానని రవి చెప్పాడు’ అంటాం. రవి నోటి నుంచి వచ్చిన ‘రేపు వస్తాను’ చెక్కుచెదరకుండా అలాగే ఉంది. ఆ అలవాటుతో మన పిల్లలు ‘రవి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో’ అని రాస్తారు. ఇంగ్లీషు వాక్యంలో అలా రాస్తే వచ్చేది రవి కాదు, రాసినవాళ్లు! ‘రవి సెడ్ దట్ హి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే’ అని ఉండాలి. మారినవి మూడు: మనిషి, క్రియ కాలం, రోజును చెప్పే మాట. కాబట్టి టీచరు దగ్గరికి వెళ్లే ముందు మీ వాక్యం కింద ఈ మూడింటికీ మూడు గీతలు గీసుకోండి. ‘మనిషినీ క్రియనూ మార్చాను టీచర్, రోజు సంగతి తెలియడం లేదు’ అని అడిగితే ఆవిడ ఆ ఒక్కటే చెబుతారు. మిగిలిన రెండూ మీకు వచ్చని మీకే రుజువవుతుంది.

లేఖలు, వ్యాసాల విషయంలో నాది గట్టి అభిప్రాయం: ఎవరినీ దిద్దమని అడగవద్దు. అక్కయ్య బాగా దిద్దిపెడితే ఆ లేఖ అక్కయ్యది. ‘తప్పున్న చోట గీత మాత్రం గియ్యి, ఏం తప్పో రాయొద్దు’ అని అడగండి. గీత చూసి తప్పు మీరు పట్టుకోండి. సగమైనా దొరుకుతాయి. దొరకనివి అప్పుడు అడగండి.

ఫోను సంగతి. లెక్క ఫొటో తీస్తే జవాబు చూపే యాప్‌లూ, ఏది అడిగినా రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలూ చాలా ఇళ్లలోకి వచ్చేశాయి. వాడవద్దని చెప్పను. కానీ మాస్టారిని అడిగినట్టే వాటినీ అడగండి: మీరు చేసిన వరుసలన్నీ ఇచ్చి, ‘జవాబు చెప్పవద్దు, మొదటి తప్పు ఏ వరుసలో ఉందో మాత్రం చెప్పు’ అనండి. అవీ పొరబడతాయి కనుక వచ్చినదాన్ని సరిచూసుకోండి. పాఠమే అర్థం కానప్పుడు పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ అధ్యాయానికి చెందిన వీడియోలు దొరుకుతాయి. తెలంగాణలో టీ-శాట్ చానళ్లలోనూ పాఠాలు వస్తాయి. రెండు భాషల్లో ఎదురెదురు పేజీలుగా అచ్చయిన పుస్తకం మీ దగ్గరుంటే, ఇంగ్లీషులో అర్థం కాని లెక్కను ముందు పక్క పేజీలో తెలుగులో చదవండి. ఒక్కోసారి అడ్డం పడింది లెక్క కాదు, భాషేనని తేలిపోతుంది.

చదువుకోని అమ్మానాన్నలు ‘మేమేం చెప్పగలం’ అని పక్కకు తప్పుకోనక్కర్లేదు. పిల్లల పక్కన కూర్చుని, పుస్తకం మీద వేలు పెట్టి ‘ఈ వరుస నుంచి ఆ వరుస ఎలా వచ్చిందమ్మా?’ అని అడగండి. పైకి చెబుతూ చెబుతూ పిల్లలే తమ తప్పు పట్టుకుంటారు. ఇది నిజమైన సాయం, దీనికి వర్గ సమీకరణాలు తెలియనక్కర్లేదు.

ఈ వారం అభ్యాసం: హోంవర్క్‌లో ఆగిపోయిన రెండు లెక్కలు, ఒక ఇంగ్లీషు అభ్యాసం తీసుకోండి. ఒక్కోదానికి ఆగిన వరుస, అక్కడివరకు రాసిన కారణాలు, అడగదలచిన ప్రశ్న నోటు పుస్తకంలో రాయండి. ప్రశ్న రెండు వాక్యాలకు మించకూడదు. ప్రశ్న రాస్తుండగానే జవాబు తడితే కొట్టివేయకండి, పక్కన తేదీ వేసి ఉంచండి. నాలుగో పాఠంలో త్రికోణమితి లెక్కలకు పటం గీయడం మొదలుపెడదాం. స్కేలు, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.