‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వస్తే పాస్‌వర్డ్ జోలికి పోకండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర అడ్తి దుకాణాల్లో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. మిర్చి సీజన్‌లో తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ) కొట్టే కంప్యూటర్, సర్వర్‌లోని డేటాబేస్‌కు కనెక్ట్ కాక ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని పడిందంటే అందరికీ టెన్షనే. తక్‌పట్టీ చేతికొస్తే గానీ రైతు ఊరికి బయల్దేరలేడు.

పాస్‌వర్డ్ తప్పైతే డేటాబేసే ఆ మాట చెబుతుంది. రిఫ్యూజ్డ్ అంటే మనం డేటాబేస్ దాకా పోనేలేదు. ఆ అడ్రస్‌లో ఏదో మెషీన్ ఉంది, మనం తట్టిన పోర్టులో (ఒక్కో ప్రోగ్రామ్‌కు ఉండే తలుపు నంబర్) మాత్రం ఎవరూ లేరు. చాలాసార్లు విషయం ఇంతే. ‘టైమ్‌డ్ అవుట్’ వేరు. అందులో అసలు జవాబే రాదు, అప్పుడు ఫైర్‌వాల్, కేబుల్ చూడాలి.

ముందు సర్వర్ దగ్గర కూర్చోండి. ఉబుంటులో పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) సర్వీస్ ‘యాక్టివ్’ అని చూపించినా నమ్మొద్దు, ‘పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్’ కొట్టి ‘ఆన్‌లైన్’ ఉందో ‘డౌన్’ ఉందో చూడండి. డౌన్ ఉంటే స్టార్ట్ కొట్టే ముందు లాగ్ చివరి లైన్లు చదవండి. డిస్క్ నిండి ఆగిపోయి ఉంటే మళ్లీ పడిపోతుంది.

తర్వాత ‘ఎస్ఎస్ -ఎల్‌టీఎన్’ కొట్టి ఏ పోర్టులు వింటున్నాయో చూడండి. పోస్ట్‌గ్రెస్ పోర్టు 5432 ముందు 127.0.0.1 ఒక్కటే కనిపిస్తే, డేటాబేస్ తన మెషీన్ మాటే వింటోందన్నట్టు. కాన్ఫిగ్ ఫైల్లో ‘లిజన్_అడ్రసెస్’ మార్చి రీస్టార్ట్ చేయండి, రీలోడ్ సరిపోదు. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే పోర్టు 3306, మార్చేది ‘బైండ్-అడ్రస్’. ఆ తర్వాత పోస్ట్‌గ్రెస్‌లో ‘పీజీ_హెచ్‌బీఏలో (ఎవరిని రానివ్వాలో రాసే ఫైల్) ఎంట్రీ లేదు’ అని వస్తే సంతోషించండి, గడప దాటినట్టే. ఆ ఫైల్లో దుకాణం నెట్‌వర్క్‌కు మాత్రమే అనుమతి రాయండి.

ఇవన్నీ సరిగ్గానే ఉండి కూడా ఒక దుకాణంలో రిఫ్యూజ్డ్ వచ్చింది. కరెంటు పోయి వచ్చిన మధ్యాహ్నం అది. సర్వర్ అడ్రస్ అనుకున్న 192.168.1.20కి పింగ్ (మెషీన్ పలుకుతోందో చూసే కమాండ్) చక్కగా పోతోంది. సర్వర్ కేబుల్ పీకేశాను, అయినా పింగ్ ఆగలేదు! ప్రింటర్ కేబుల్ పీకితే ఆగింది. రౌటర్ ఆ అడ్రస్ ప్రింటర్‌కిచ్చి, సర్వర్‌కు ఇంకోటి ఇచ్చింది. ప్రింటర్‌లో 5432 ఎక్కడుంటుంది? పింగ్ పోతే మెషీన్ ఉందని అర్థం, మన మెషీనేనని కాదు. ‘హోస్ట్‌నేమ్ -ఐ’ (ఐ క్యాపిటల్ లెటర్) కొట్టి సర్వర్ అసలు అడ్రస్ చూసుకోండి.

ఇప్పుడు నేను చూసే ప్రతి దుకాణంలో రౌటర్‌లోనే సర్వర్ అడ్రస్ రిజర్వ్ చేసి, ఆ నంబర్ కాగితం మీద రాసి సర్వర్‌కు అంటిస్తున్నాను.