అమ్మానాన్నలకు టీకాలు: ఏవి, ఎప్పుడు, ఎలా వేయించాలి

పిల్లల టీకా కార్డు ప్రతి ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంటుంది. అదే ఇంట్లో అరవై దాటిన నాన్నకి, షుగర్ ఉన్న అమ్మకి చివరిసారి ఏ టీకా వేయించారో అడగండి, మేకు గుచ్చుకున్నప్పుడు వేసిన టీటీ తప్ప ఇంకేదీ గుర్తురాదు. ప్రభుత్వ టీకాలు ఎక్కువగా పిల్లలకు, గర్భిణులకే కాబట్టి పెద్దవాళ్ల సంగతి మనమే పట్టించుకోవాలి.

పెద్దవాళ్లకి టీకా ఎందుకంటే, యాంటీబయాటిక్స్ పని చేయకుండా పోతున్నాయి. వాటికి లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019లో ప్రపంచమంతా కలిపి 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. జబ్బే రాకపోతే మందు అవసరమే ఉండదు కదా, టీకాతో అసలు లాభం అదే.

ముందు ఒక కాగితం మీద వాళ్ల వయసు, షుగర్, ఆస్తమా, గుండె, కిడ్నీ సమస్యలు, వాడే మందులు (స్టెరాయిడ్లు, రక్తం పలచబడే మాత్రలు తప్పకుండా), ఏ ఇంజెక్షన్‌కైనా అలర్జీ వచ్చి ఉంటే అదీ రాసుకుని, ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరికే వెళ్లండి.

మొదట అడగాల్సింది ఫ్లూ టీకా. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించాలి, మన దగ్గర వానలు మొదలవకముందే వేయిస్తే మంచిది, ఎందుకంటే రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. ఫ్లూ మీద యాంటీబయాటిక్ పని చేయదు, అయినా జ్వరం రాగానే మెడికల్ షాపుకెళ్లి మూడు అజిత్రోమైసిన్ మాత్రలు తెచ్చి వేసుకోవడం మనకు అలవాటైపోయింది. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉందంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందని అర్థం.

తర్వాత న్యుమోనియా టీకా. 65 దాటినవాళ్లకి, అంతకంటే చిన్నవాళ్లయినా షుగర్, ఊపిరితిత్తుల జబ్బు, సిగరెట్ అలవాటు ఉంటే ఇది ముఖ్యం. ఇందులో రకాలున్నాయి: పీసీవీ20 అనే రకం అయితే ఒక్క డోసు చాలు, పీసీవీ13 వేస్తే మామూలుగా ఏడాది తర్వాత పీపీఎస్‌వీ23 అనే ఇంకో రకం కూడా వేస్తారు, కాబట్టి ఏది వేశారో పేరు రాయించుకోండి.

టైఫాయిడ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. 2016లో పాకిస్థాన్‌లోని సింధ్‌లో, అక్కడి హైదరాబాద్ నగరంలో, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌కి కూడా లొంగని టైఫాయిడ్ మొదలైంది, నోటితో వేసుకునే మందుల్లో దాదాపు అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. దాన్ని అదుపు చేయడానికి వాడింది మన హైదరాబాద్‌లో తయారైన కాంజుగేట్ టీకానే (క్రిమి పైపొరలోని పదార్థాన్ని ఒక ప్రొటీన్‌కి జతచేసి చేసే రకం). అదే టీకా మనకు దొరుకుతుంది, ఒక్క డోసు. బయటి తిండి తినే కుర్రాళ్లకి, హాస్టళ్లలో ఉండేవాళ్లకి వేయించండి, 45 దాటినవాళ్లయితే డాక్టర్ని అడిగి. ఇంకో మాట, టైఫాయిడ్‌కి చేసే వైడల్ రక్త పరీక్ష ఒక్కటి పాజిటివ్ వచ్చిందని పద్నాలుగు రోజుల ఇంజెక్షన్లకు ఒప్పుకోకండి, ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేయమని అడగండి, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే.

మిగతావి త్వరగా: ధనుర్వాతం, కంఠసర్పి కలిపి టీడీ పదేళ్లకోసారి. హెపటైటిస్ బి ఇదివరకు వేయించుకోకపోతే మూడు డోసులు, 0, 1, 6 నెలలకు. అక్కికి కూడా 50 దాటినవాళ్లకు రెండు డోసుల టీకా ఉంది, ఖరీదు మాత్రం ఎక్కువే.

టీకా వేసే ముందు డబ్బా అడిగి చూడండి. ఎక్స్‌పైరీ తేదీ, ఫ్లూ అయితే ఏ ఏడాది స్ట్రెయిన్ (వైరస్ రకం) అన్నది దాని మీదే ఉంటుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉన్నదే వేయాలి, షాపులో కొని బ్యాగులో పెట్టుకుని ఎండలో తిరగకండి. డబ్బా మీది లేబుల్‌ని ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి.

వేయించాక అరగంట అక్కడే కూర్చోబెట్టండి. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం వస్తే టెన్షన్ పడొద్దు, పారాసిటమాల్ చాలు, దానికి మళ్లీ యాంటీబయాటిక్ వేయకండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.