పెద్దవాళ్ల పాత డెస్క్‌టాప్ విప్పే ముందు

సంక్రాంతికో దసరాకో ఊరెళ్తూ, ఇంట్లో మూలన పడున్న ర్యామ్ (మెమరీ), ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు పెట్టే వేగమైన డిస్క్) సంచిలో వేసుకుని నాన్నగారి కంప్యూటర్ బాగుచేసి వద్దామనుకునేవాళ్లు చాలామంది. ఆలోచన మంచిదే. కానీ విప్పేది పండగ పూట. ఒక్క కేబుల్ తక్కువైనా ఆ ఊళ్లో దొరకదు. మీరు తిరిగి బస్సెక్కాక మొరాయిస్తే చూసే దిక్కుండదు. అందుకే పనంతటికీ ఒకటే షరతు: ఎక్కడ బెడిసికొట్టినా గంటలో పాత స్థితికి తెచ్చేలా ఉండాలి. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా హెచ్61, హెచ్81 రకం మదర్‌బోర్డుల మీద నడిచే, ఇంటెల్ ఐ3 ప్రాసెసర్ ఉన్న పాత మెషీన్ల గురించి.

బయల్దేరే ముందే ఫోన్ చేసి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ పేజీ తెరిపించి, వాట్సాప్‌లో ఫొటో పెట్టమనండి. బోర్డు మోడల్, ర్యామ్ ఎంత, విండోస్ 32 బిట్టా 64 బిట్టా అన్నవి తెలిస్తే సగం పని అయినట్టే. 32 బిట్ విండోస్ మామూలుగా మూడు, మూడున్నర జీబీకి మించి ర్యామ్ వాడుకోలేదు. అలాంటి మెషీన్‌లో 8 జీబీ గుచ్చి ఏం లాభం? 64 బిట్‌కి మారాలంటే విండోస్ మొదటి నుంచి వేయాల్సిందే.

ర్యామ్ విషయంలో తొందర వద్దు. ర్యామ్ తరాలైన డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 పిన్నులే, గాటు మాత్రం వేరేచోట ఉంటుంది. గాటు కలవకపోతే బలంగా నొక్కితే దిగుతుందిలే అనుకోకండి, స్లాట్ విరుగుతుంది. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిది, ఇందులోకి రాదు. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా దొరికే కొన్ని 4 జీబీ డీడీఆర్3 స్టిక్‌లు ఏఎండీ బోర్డుల్లోనే నడుస్తాయి. వాటి చిప్పుల అమరికను ఇంటెల్ కంట్రోలర్ గుర్తించదు, తెర నల్లగానే ఉండిపోతుంది. జీ41 లాంటి ఇంకా పాత బోర్డులకైతే 4 జీబీ స్టిక్ రెండు వైపులా కలిపి 16 చిప్పులున్నదే తీసుకోవాలి. ఎనిమిదే ఉన్న కొత్తరకం స్టిక్ అక్కడ పనిచేయదు. పెట్టేటప్పుడు బంగారు రంగు అంచును తెల్ల రబ్బరుతో తుడిచి, పొట్టు దులిపి, రెండు కొసలా టక్కుమనేదాకా నొక్కండి. బీప్‌లు వస్తే నూటికి తొంభైసార్లు అది సరిగ్గా కూర్చోకపోవడమే. వాడిన ర్యామ్ అయితే దాన్ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ పెట్టి రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రగీత కనిపించినా దాన్ని తీసి పక్కన పడేయాలి. చెడ్డ ర్యామ్ ఉన్న మెషీన్ నడుస్తూనే ఫైళ్లు పాడుచేస్తుంది.

నిజానికి పెద్దవాళ్లకు తేడా తెలిసేది ఎస్‌ఎస్‌డీతో. 256 జీబీది చాలు. పాత బోర్డు సాటా (డిస్క్‌ను బోర్డుకు కలిపే కనెక్షన్) వేగం తక్కువైనా హార్డ్ డిస్క్‌తో పోలిస్తే ఎంతో నయం. ప్రమాదమూ ఇక్కడే ఎక్కువ. క్లోన్ చేసేటప్పుడు, అంటే పాత డిస్క్‌లోని మొత్తాన్ని ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి దించేటప్పుడు, ఏది మూలం, ఏది గమ్యం అన్నది తిరగబడితే ఖాళీ డిస్క్ వచ్చి ఇరవయ్యేళ్ల ఫొటోల మీద కూర్చుంటుంది. డిస్క్ 0, డిస్క్ 1 అనే అంకెల్ని నమ్మకండి. మోడల్ నంబరు, సైజు రెండూ చూసి, పైకి చదివి, అప్పుడు నొక్కండి. అంతకు ముందే ఫొటోలు, పత్రాలు బయటి డిస్క్‌లోకి ఎక్కించి, రెండు మూడు తెరిచి చూడాలి. ఫైళ్లన్నీ డాక్యుమెంట్స్‌లోనే ఉంటాయనుకోవద్దు. డెస్క్‌టాప్ మీద, సీ డ్రైవ్ మొదట్లో, రీసైకిల్ బిన్‌లో కూడా దాచుకునేవాళ్లున్నారు. అను ఫాంట్లలో టైపు చేసుకున్న పాత తెలుగు ఫైళ్లుంటే ఆ ఫాంట్లనూ కాపీ చేయండి. అవి యూనికోడ్ కావు, ఫాంటు లేకపోతే తెరపై గజిబిజి అక్షరాలే మిగులుతాయి.

క్లోన్ అయ్యాక పాత డిస్క్ కేబుల్ పీకి, ఎస్‌ఎస్‌డీ ఒక్కదాంతోనే బూట్ చేయండి. రెండూ ఉంటే విండోస్ దేనితో లేచిందో తెలియకుండా పోతుంది. పాత డిస్క్‌ని ఫార్మాట్ చేసి అదనపు జాగా కింద వాడేయాలని చేయి లాగుతుంది. కనీసం రెండు నెలలు ఆగండి. తేదీ రాసిన కాగితం అంటించి బీరువాలో పెట్టించండి.

మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ కొత్తది కచ్చితంగా వేయండి. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది, బ్రౌజర్‌లో "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అని వస్తుంది, ఇంట్లోవాళ్లు ఎవరో హ్యాక్ చేశారని కంగారుపడతారు. ఇంకో తిరకాసుంది. బయోస్ (విండోస్ కంటే ముందు లేచే, బోర్డులోని ప్రోగ్రామ్) సెట్టింగులూ మొదటికొస్తాయి. ఏహెచ్‌సీఐ, ఐడీఈ అనేవి బోర్డు డిస్క్‌తో మాట్లాడే రెండు పద్ధతులు. విండోస్ ఏహెచ్‌సీఐ మోడ్‌లో వేసి ఉండగా బయోస్ ఐడీఈకి మారితే నీలి తెర తప్ప ఏమీ రాదు. అందుకే బ్యాటరీ తీసే ముందు బయోస్ పేజీలన్నీ ఫొటో తీసుకోండి.

ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టె) మూత విప్పొద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది. మూలన పడున్న ఊరూపేరూ లేని పాత ఎస్‌ఎంపీఎస్ అసలు వాడొద్దు. చెడితే కొత్తదే కొనాలి. ఎస్‌ఎస్‌డీకి పవర్ కొస లేదని మోలెక్స్ (పాతరకం నాలుగు పిన్నుల పవర్ కొస) నుంచి సాటాకి మార్చే కేబుల్ కొంటే, వైర్లను ప్లాస్టిక్‌లో పోతపోసిన రకం వద్దు. లోపల షార్టయి కాలిపోయేవి అవే. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? అది కంప్యూటర్ జబ్బు కాదు, సాకెట్‌కి ఎర్తింగ్ లేదు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. యూపీఎస్‌లోని 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీకి మూడేళ్లు దాటితే అదీ మార్చేయండి.

దుమ్ము బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. హీట్‌సింక్ (ప్రాసెసర్ మీద వేడి లాగే లోహపు దిమ్మ) తీస్తే కింది పాత పేస్ట్ పూర్తిగా తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాలి. ప్రాసెసర్ జోలికి మాత్రం పోవద్దు. ఇంటెల్ సాకెట్‌లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, ఒక్కటి వంగినా బోర్డు పనికిరాకుండా పోవచ్చు. వెనక ఖాళీ స్లాట్ల రేకులు ఊడిపోయి ఉంటే బిగించండి. బల్లులు, ఎలుకలు దూరేది ఆ సందుల్లోంచే.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఈ మెషీన్లు విండోస్ 11 అర్హతకు అందవు. అడ్డదారిలో వేయొచ్చుగానీ, ఏదో ఒక అప్‌డేట్‌కి ఆగిపోతే దూరం నుంచి చక్కదిద్దలేరు. బ్రౌజర్, యూట్యూబ్, ఈపేపర్ వరకే అయితే లైనక్స్ మింట్ హాయి. దానికి ముందు ప్రింటర్ చూడండి. మన ఇళ్లలో కనిపించే లేజర్‌జెట్ 1020కి హెచ్‌పీ వాళ్ల ప్లగిన్ విడిగా వేయాలి, దానికి నెట్ కావాలి. ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్లుంటే విండోస్‌లోనే ఉంచండి.

ఒకసారికి ఒక భాగమే మార్చండి. మార్చినప్పుడల్లా ఆన్ చేసి చూడండి. అన్నీ కలిపి మార్చి ఆన్ చేస్తే తప్పు ఎక్కడుందో వెతకడానికే సెలవు అయిపోతుంది. ఐకాన్లు పాత చోటే ఉంచండి, అక్షరాల సైజు పెంచండి. దూరం నుంచి చూసే యాప్ వేస్తే దానంతటది మొదలవకుండా ఆపి, మీ ఫోన్ వచ్చినప్పుడు తప్ప తెరవొద్దని చెప్పండి. బ్యాంకు నుంచంటూ మోసగాళ్లు అడిగి తెరిపించేది కూడా ఈ యాప్‌లనే. సైబర్ మోసాల నంబరు 1930ని మానిటర్ అంచున రాసి అంటించండి. బయల్దేరే ముందురోజే మూత బిగించి, వాళ్లచేతే ఆన్ చేయించి, ఒక పేజీ ప్రింట్ తీయించి, యూపీఎస్ మీద ఉండగా మెయిన్ స్విచ్ ఆపి చూడండి.