పాత కారులో వచ్చిపోయే కరెంటు లోపాలు: లక్షణం, కారణం, పరిష్కారం

2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800 వంటి పాత కార్లలో పూర్తిగా కాలిపోయిన భాగాన్ని పట్టుకోవడం తేలికే. ఇంటి దగ్గర మొరాయించి, మెకానిక్ షెడ్డుకు చేరేసరికి బుద్ధిగా పనిచేసే లోపంతోనే అసలు తంటా. అందువల్ల ఏ భాగమూ మార్చకముందే, ఆ లోపం వానలో కనబడుతోందా, ఇంజను వేడెక్కాక కనబడుతోందా, గతుకుల్లో కనబడుతోందా అన్నది నాలుగైదు సార్లు గమనించి రాసిపెట్టుకోవాలి.

తాళం తిప్పితే ఒక్కోసారి ‘టక్’మని ఆగిపోవడం

ఇటువంటప్పుడు అందరూ ముందు బ్యాటరీనే అనుమానిస్తారు. నేనూ కొత్త బ్యాటరీ కొన్నాను. పది రోజులకే మళ్లీ అదే ‘టక్’. చివరికి దొరికిన దోషి ఇంజనును బాడీకి కలిపే ఎర్త్ తీగ. పైకి నల్లగా, గట్టిగానే ఉంది గాని, బోల్టు విప్పి చూస్తే లగ్గు (తీగ చివర బోల్టుకు తగిలించే లోహపు కొన) కింద తుప్పు, లోపలి రాగి పోగులపై పచ్చని చిలుము.

మల్టీమీటరును ఓమ్స్‌లో (నిరోధం కొలిచే స్థానంలో) పెట్టి ఈ లోపాన్ని కనిపెట్టలేము. సెల్ఫ్ మోటారు సుమారు 100 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, అతుకులో 0.02 ఓమ్ నిరోధం ఉన్నా 2 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. అంత చిన్న నిరోధం సాధారణ మీటరు తీగల నిరోధంలోనే కలిసిపోతుంది. కాబట్టి లోడు ఉన్నప్పుడే కొలవాలి.

బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మీటరును డీసీ వోల్టులకు తిప్పండి. ఒక మొనను బ్యాటరీ నెగెటివ్ సీసపు స్తంభానికే (క్లాంపుకు కాదు), రెండోదాన్ని ఇంజనుపై శుభ్రమైన లోహానికి ఆనించి, మరొకరిచేత సెల్ఫ్ కొట్టించండి. 0.3 వోల్టులు దాటితే ఎర్త్ బాగాలేదని అర్థం. బ్యాటరీ నెగెటివ్ విప్పేసి, లగ్గునూ దాని కింది లోహాన్నీ మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, బోల్టు బిగించాక పైన వేసెలిన్ పూయాలి. తీగ లోపలే చిలుము పట్టి ఉంటే మార్చడం తప్పదు.

ఎర్త్ బాగుండి, సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ స్తంభాల మధ్య 9.6 వోల్టులకన్నా తగ్గుతుంటే, అప్పుడు బ్యాటరీని అనుమానించవచ్చు.

ఇండికేటర్ వేస్తే పక్క బల్బులు కూడా మినుకుమినుకుమనడం

ఆ దీపానికి ఎర్త్ సరిగా అందక, కరెంటు పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటోంది. హోల్డరు, ఎర్త్ స్క్రూ శుభ్రం చేస్తే చాలు.

గతుకుల్లో మాత్రమే ఫ్యూజు పోవడం

డోరు మడత దగ్గరో, ఇంజను గది గోడకున్న రంధ్రం దగ్గరో రబ్బరు ఊడి, ఒరిపిడికి తీగ పైపొర చిరిగి బాడీకి తగులుతూ ఉంటుంది. పెద్ద ఫ్యూజు వేయడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం వంటి చిట్కాలు బండికి నిప్పు పెట్టడంతో సమానం. దానికి బదులు ఆ లైనులోని పరికరాలన్నీ ఆపేసి, ఫ్యూజు స్థానంలో 12 వోల్టుల, 21 వాట్ల బల్బును కలిపి, తీగల కట్టను జానెడు జానెడుగా కదుపుతూ రండి. ఎక్కడ కదిపినప్పుడు బల్బు భగ్గున వెలుగుతుందో అక్కడే తీగ బాడీకి తగులుతోంది. టేపు చుట్టి వదిలేయకుండా, దెబ్బతిన్న ముక్క కోసి అదే మందం తీగ అతికి, గొట్టం తొడిగి, రబ్బరు బిగించాలి.

ఇంజను వేడెక్కాక ఆగి, అరగంటకు మళ్లీ స్టార్టవడం

ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్‌కు బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) బండ్లలో తాళం ఆన్ చేయగానే పెట్రోలు పంపు రెండు మూడు సెకన్లు సన్నగా రొద చేయాలి. బండి ఆగినప్పుడు ఆ రొద వినబడక, పంపు రిలేను (పంపుకు కరెంటు కలిపే చిన్న స్విచ్చు డబ్బాను) వేలితో తడితే వినబడుతుంటే, రిలే మూత తీసి కాళ్ల దగ్గర టంకాన్ని భూతద్దంతో చూడండి. కాలి చుట్టూ వెంట్రుకంత వలయం కనిపిస్తే అది పగులే. మళ్లీ టంకం వేయించవచ్చు గాని, అదే నంబరు రిలే దొరికితే కొత్తది వేయడం మేలు.