నాలుగు వైపులా కొలిస్తే సరిపోదు, మూలకి మూల కొలవండి

ప్లాటు కొనేటప్పుడైనా, పునాదికి ముగ్గు పోసేటప్పుడైనా మనవాళ్లు టేపు పట్టుకుని నాలుగు వైపులా కొలిచి, 30, 40, 30, 40 వచ్చింది, ఇంకేం టెన్షన్ లేదు అనేసుకుంటారు. ఆ నాలుగు అంకెలు మూలల గురించి ఏమీ చెప్పవు. కోళ్లు వదులైన నవారు మంచాన్ని ఒక మూల పట్టుకుని నెట్టి చూడండి, పట్టెలు అంగుళం కూడా పెరగవు, తగ్గవు, మంచం మాత్రం పక్కకి ఒరుగుతుంది. ఎదురెదురు భుజాలు సమానమైతే అది సమాంతర చతుర్భుజమని మాత్రమే తేలుతుంది. దీర్ఘచతురస్రం కావాలంటే కనీసం ఒక మూలైనా 90 డిగ్రీలు ఉండాలి, అదొక్కటి కుదిరితే మిగతా మూడూ వాటంతటవే 90 అవుతాయి.

90 బదులు 80 ఉందనుకోండి. భుజాలు అవే 30, 40, కానీ స్థలం 1200 చదరపు అడుగులు కాదు, సుమారు 1182. అంటే 133 గజాలకు డబ్బు కట్టి 131 గజాలు తీసుకున్నట్టు. ఇంత ఒరిగితే కంటికే తెలుస్తుంది కదా అంటారేమో, నిజమే, ఇబ్బంది పెట్టేది ఒకటి రెండు డిగ్రీల తేడానే. ఒక్క డిగ్రీ తప్పితే 40 అడుగుల చివరికి వెళ్లేసరికి గోడ 8 అంగుళాలు పక్కకి పోతుంది. మేస్త్రి దగ్గరుండే మూలమట్టం మహా అయితే రెండడుగులు, దాని మీద పావు అంగుళంలో సగం తేడా వచ్చినా ఆ చివర రెండున్నర అంగుళాలవుతుంది. అందుకే పెద్ద కొలతల్లో కోణాన్ని కోణంగా కొలవకుండా కర్ణాలు, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు కొలవాలి.

ముందు రోడ్డు వైపు 30 అడుగుల గీతని ఖాయం చేసుకుని రెండు మేకులు కొట్టండి, వాటిని ఇక కదపొద్దు. ఒక మేకు నుంచి గీత మీద 9 అడుగుల దగ్గర గుర్తు పెట్టి, అదే మేకుకి కట్టి లోపలి వైపు లాగిన దారం మీద 12 అడుగుల దగ్గర ఇంకో గుర్తు పెట్టి, ఈ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 15 వచ్చేదాకా దారాన్ని జరపండి. 3, 4, 5 తో కూడా అదే లెక్క కానీ కొలత ఎంత పెద్దదైతే తప్పు అంత తగ్గుతుంది. తర్వాత వెనక మేకులు రెండూ పాతి, మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ కొలవండి. 30, 40 కి రెండూ 50 రావాలి, 10, 12 గదికైతే 15 అడుగుల 7న్నర అంగుళాలు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే వెనక మేకులు రెండింటినీ ఒకే దూరం, పొడవు కర్ణం తగ్గే వైపుకి జరపండి. ఈ సైజుకి కర్ణాల మధ్య తేడా 3 అంగుళాలుంటే జరపాల్సింది రెండున్నర. స్టీలు టేపే వాడండి, బిగించి పట్టండి, గుడ్డ టేపు సాగుతుంది.

కర్ణాలు సమానం అయ్యాయి కాబట్టి అయిపోయిందని కూడా అనుకోకండి. ముందు 30, వెనక 26 ఉండి రెండు పక్కలూ సమానంగా ఉన్న ట్రెపీజియంలోనూ కర్ణాలు సమానమే. ఎదురు భుజాలు సమానం, కర్ణాలూ సమానం, రెండూ కలిస్తేనే దీర్ఘచతురస్రం. ఈ దశలో వదిలేసిన తప్పు టైల్స్ వేసే రోజు బయటపడుతుంది, గోడ వారన వేసే చివరి వరస ఒక పక్క నాలుగు అంగుళాలు, ఇంకో పక్క రెండు అంగుళాలుగా కోసుకుంటూ పోవాల్సి వస్తుంది, అప్పుడు ఇక చేసేదేమీ ఉండదు.

ప్లాటే క్రాస్‌గా ఉంటే? తూర్పు 30, దక్షిణం 40, పడమర 36, ఉత్తరం 42 అనుకుందాం. చాలామంది ఎదురు భుజాల సగటు తీసి 33 ని 41 తో హెచ్చవేసి 1353 అంటారు. ఇది అమ్మేవాడికి లాభమైన లెక్క, ఎందుకంటే దీర్ఘచతురస్రం కాని ఏ స్థలానికైనా ఈ పద్ధతి ఎక్కువే చూపిస్తుంది, తక్కువ ఎప్పుడూ చూపించదు. మన పాతకాలపు గణిత శాస్త్రవేత్త బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628 లోనే దీన్ని స్థూలమైన లెక్క అన్నాడు. మీరు ఈశాన్యం మూల నుంచి నైరుతి మూలకి కర్ణం కొలవండి. అది 46 వస్తే స్థలం రెండు త్రిభుజాలవుతుంది, ఒకటి 30, 40, 46, ఇంకోటి 36, 42, 46. ఒక్కో త్రిభుజానికి మూడు భుజాలూ కూడి సగం చేసి, ఆ సగంలోంచి ఒక్కో భుజాన్ని తీసేసి, వచ్చిన మూడింటినీ, ఆ సగాన్నీ ఒకదానితో ఒకటి హెచ్చవేసి వర్గమూలం తీయండి, ఫోన్‌లో నిమిషం పని. ఒకటి 592, ఇంకోటి 718, మొత్తం 1310. సగటు లెక్కతో పోలిస్తే దాదాపు ఐదు గజాలు తక్కువ, ఆ ఏరియాలో గజం రేటెంతో దాన్ని ఐదుతో హెచ్చవేసుకుని అప్పుడు బేరానికి కూర్చోండి.

అలాంటి స్థలంలో ఇల్లు కడుతుంటే గోడల్ని ప్రహరీ వెంట వంకరగా లాగకండి. ఈశాన్యం పెరిగితే మంచిదని వాస్తు చెప్పేవాళ్లు అంటారు, స్థలం పెరగనివ్వండి, లోపల ఇల్లు మాత్రం నాలుగు మూలలూ మట్టంగా ఉండేలా గీసుకుని ఆ మిగిలిన వంకర ముక్కని సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ వదిలే ఖాళీలో కలిపేసి మొక్కలకి వదిలేయండి.