ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాది: క్రిమినల్ కేసులో ఎప్పుడు, ఎలా అడగాలి

అరెస్టు చేసిన వ్యక్తిని పోలీసులు 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. లాయరును పెట్టుకొనే స్తోమత లేనివారు ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని కోరవలసింది ఆ మొదటి హాజరులోనే. ఛార్జిషీటు వచ్చేదాకా ఆగితే రిమాండు, బెయిలు వాదనలు ఎవరూ లేకుండానే గడిచిపోతాయి. ఆ హాజరు చాలాసార్లు నిమిషాల్లో ముగుస్తుంది కాబట్టి మాట సిద్ధంగా ఉంచుకోవాలి: “అయ్యా, నాకు లాయరు లేరు, పెట్టుకొనే స్తోమత లేదు, ప్రభుత్వ ఖర్చుతో ఇప్పించండి.” ఆ మాటను రికార్డులో రాయమని కూడా కోరాలి.

ఇది దయతో ఇచ్చేది కాదు. ఉచిత న్యాయసహాయం, జీవించే హక్కును, స్వేచ్ఛను కాపాడే రాజ్యాంగం 21వ అధికరణంలోనే ఇమిడి ఉన్నదని సుప్రీంకోర్టు 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో చెప్పింది. ఈ హక్కు ఉందని ముద్దాయికి తెలియజెప్పే బాధ్యత మేజిస్ట్రేటుదేనని 1981లో ఖత్రీ కేసులో స్పష్టం చేసింది. ముద్దాయి అడగలేదన్న కారణం చెల్లదంటూ, లాయరు లేకుండా సాగిన విచారణలో పడిన శిక్షను 1986లో సుక్‌దాస్ కేసులో కొట్టివేసింది. అయినా అడగడమే మేలు. జైల్లో ఏళ్లు గడిచాక అప్పీలులో గెలిచినా పోయిన కాలం తిరిగి రాదు.

కస్టడీలో ఉన్నవారికి, స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయ పరిమితి వర్తించదు. కుటుంబసభ్యులు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద తెలుగులోనే దరఖాస్తు రాసి ఇవ్వవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. జైల్లో ఉన్నవారు సూపరింటెండెంటు ద్వారా పంపవచ్చు.

లాయరును కేటాయించారని తెలిసిన రోజే పేరు, ఫోన్ నంబరు రాసుకోండి. ఎఫ్‌ఐఆర్ నకలు, అరెస్టు చేసిన సమయం, చోటు, అప్పుడు అక్కడున్నవారి పేర్లు ఒకే కాగితం మీద రాసి అందజేయండి. యావజ్జీవ, మరణశిక్షలకు అవకాశమున్న కేసుల్లో, సిద్ధం కావడానికి ఇలా కేటాయించిన న్యాయవాదికి సాధారణంగా కనీసం ఏడు రోజులు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2019లో అనోఖీలాల్ కేసులో చెప్పింది. అది కూడా తక్కువేనని నా అభిప్రాయం. అందుకే కేటాయించిన రోజే సాక్షుల విచారణ మొదలైతే గడువు కోరమని లాయరుతో చెప్పాలి. ఫలానా లాయరునే ఇవ్వాలని పట్టుబట్టలేరు గాని, ఆయన వాయిదాలకు రాకపోయినా, డబ్బు అడిగినా, మార్చమని సంస్థ కార్యదర్శికి, కోర్టుకు తేదీలతో సహా రాసివ్వవచ్చు.

మొదటి రిమాండు తేదీ నుంచి రోజులు లెక్కపెట్టుకోండి. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు దాఖలు కాకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కాని ఛార్జిషీటు పడకముందే దరఖాస్తు చేయాలి. గడువు ముగిసే తేదీని లాయరుకు ముందే గుర్తుచేయండి.